బాన్సువాడ బిడ్డ గొంతు

గాజు అద్దానికి ఇవతల ఒక మైకు. దాని ముందు స్టాండు, స్టాండు మీద పెన్సిలు గీతలు పడ్డ డైలాగు కాగితాలు. ఎదురుగా తెర మీద లంగా ఓణీ కట్టిన ఒక పిల్ల ఎవరినో నిలదీస్తోంది. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి ఊగుతోంది, మాట మాత్రం వినపడదు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మైకు ముందు నిలబడ్డ అమ్మాయి ఆ పెదాల వైపే చూస్తోంది. అవి ఆమె పెదాలే.

అద్దం అవతల నుంచి సైగ వచ్చింది. అమ్మాయి ఊపిరి తీసుకుని మాట వదిలింది. అది పెదాలకు అతికింది. కోపం పాలు కూడా సరిపోయింది. అయినా అవతలి గదిలో తలలు అడ్డంగా ఊగాయి. క్రియ చివర కోస్తా పలుకు తొంగిచూసింది. 'వచ్చాడు' కాదు, 'వచ్చిండు'. 'చెప్పాను' కాదు, 'చెప్పిన'. ఆ 'చెప్పిన' చివర సాగదీత బాన్సువాడలో ఎంత సాగుతుందో ఇక్కడా అంతే సాగాలి. కాస్త ఎక్కువైతే వెక్కిరింత అవుతుంది. కాస్త తగ్గితే హైదరాబాదు కాలేజీ పిల్ల మాట అయిపోతుంది.

లూపు మళ్లీ మొదటికి తిరిగింది. తెర మీది పిల్ల మళ్లీ చెయ్యి ఊపింది. మైకు ముందరి అమ్మాయి మళ్లీ ఊపిరి తీసుకుంది.

డబ్బింగ్ గదిలో పని నడిచే తీరును బట్టి ఈ ఘట్టాన్ని కూర్చాను. బాన్సువాడలో జరిగే కథ అది, సినిమా పేరు 'ఫిదా'. మైకు ముందున్న అమ్మాయి సాయి పల్లవి. 2017లో ఆ సినిమాకు ఆమె తన మాట తానే చెప్పుకుంది. అదీ తెలంగాణ యాసలో. ఆమె పుట్టింది నీలగిరి కొండల్లోని కోటగిరిలో, 1992 మే 9న. ఇంట్లో మాట్లాడేది బడగ భాష, పెరిగిన కోయంబత్తూరులో చుట్టూ తమిళం. మంజీర నీళ్లు తాగే బాన్సువాడకూ ఆమెకూ పుట్టుకతో వచ్చిన సంబంధం ఏదీ లేదు.

మన తెరకు అలాంటి అమ్మాయిలు కొత్త కాదు, వాళ్ల గొంతుతో వాళ్లు మాట్లాడటమే కొత్త. బయటి రాష్ట్రం నుంచి కథానాయిక వస్తే ఆమె ముఖం ఒకరిది, గొంతు మరొకరిది. సరిత, రోజారమణి, ఆ తర్వాత సునీత, చిన్మయి ఎందరో నాయికలకు ప్రాణం పోశారు. ఆ కళాకారిణుల పని చిన్నది కాదు. తెర మీద మనం ప్రేమించిన సగం మంది నాయికలను నిజానికి చెవులతోనే ప్రేమించాం. అయితే ఆ గొంతులన్నీ ఒకే రకం తెలుగు మాట్లాడేవి. కథ ఏ జిల్లాలో జరిగినా నాయిక మాత్రం కృష్ణా, గుంటూరు చదువుకున్న ఇళ్ల తెలుగే పలికేది.

దానికి కారణం చరిత్రలో ఉంది. తెలుగు సినిమా దశాబ్దాల పాటు మద్రాసులో బతికింది. 1931 అక్టోబరు 31న విడుదలైన 'కాళిదాస్'ను తమిళులు తమ మొదటి టాకీగా చెప్పుకుంటారు. అందులో నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబు చెప్పేవాడు. దాన్ని తీసిన హెచ్.ఎం. రెడ్డే తర్వాత మన 'భక్త ప్రహ్లాద' తీశాడు. రెండు భాషలూ ఒకే ఇంట్లో పుట్టి ఒకే అరుగు మీద ఆడుకున్నాయి. సావిత్రి, ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, భానుమతి రెండు వైపులా సొంత మనుషులే. ఆ మద్రాసుకు రైలెక్కిన రచయితలు, నటులు, పెట్టుబడి పెట్టినవాళ్లు ఎక్కువగా కోస్తా జిల్లాల వాళ్లు. వాళ్లు తెచ్చుకున్న తెలుగే తెర తెలుగు అయింది. నిజాం పాలనలో ఉన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి మాట ఆ రైలెక్కలేదు.

తర్వాతైనా ఎక్కిందా అంటే, ఎక్కింది, మూడో తరగతి పెట్టెలో. రౌడీ, అతడి పక్కన తిరిగే చెంచా, పనిమనిషి, తాగుబోతు, ఇంటి ఓనరు. 'ఏందిర బై' అని ఎవరైనా అన్నారంటే హాల్లో నవ్వాలని అర్థం, లేదా భయపడాలి. మినహాయింపులు లేకపోలేదు. 1992లో 'మొండిమొగుడు పెంకిపెళ్లాం'లో విజయశాంతి ఈ యాసలో దుమ్ము దులిపింది. 1997లో 'ఒసేయ్ రాములమ్మా' వచ్చింది. అవి రెండూ జనం గుండెల్లో నిలిచాయి. కానీ వాటి మధ్యా వాటి తర్వాతా వందల సినిమాల్లో మన అమ్మలు, అక్కలు మాట్లాడుకునే మాట నవ్వులాట కోసమే పనికొచ్చింది. మనవాళ్లు కూడా ఆ నవ్వులో కలిసి నవ్వారు. పట్నంలో చదివే పిల్లలు బస్సెక్కగానే యాస మార్చుకోవడం నేర్చుకున్నారు. ఎల్లారెడ్డి బస్టాండులో 'పోతున్న' అన్నవాడు సికింద్రాబాదులో దిగేసరికి 'వెళ్తున్నాను' అయ్యేవాడు. ఈ బాధ గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా, ఆ బస్సులో కూర్చున్నవాడికి తెలిసినంత తెలియదు.

ఇప్పుడు ఆ బస్సు మార్గానికే వద్దాం.

కామారెడ్డి రైల్వే స్టేషన్‌లో దిగి లింగంపేట మీదుగా పోతే ఎల్లారెడ్డి. హైదరాబాదు నుంచి నర్సాపూర్, మెదక్ మీదుగా వచ్చే రోడ్డు కూడా ఎల్లారెడ్డిని తాకే బాన్సువాడ వైపు సాగుతుంది. ఈ దారిలో నేల రంగు మారుతుంది. కామారెడ్డి చుట్టుపక్కల బోరుబావుల సేద్యం, మక్క చేన్లు, బెల్లం మార్కెట్టు. బాన్సువాడ దగ్గరికి వచ్చేసరికి కనుచూపు మేర వరి. ఆ పచ్చదనం ఊరికే రాలేదు. 1923 నుంచి 1931 వరకు మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ కాలువ నీళ్లు బాన్సువాడ, బోధన్ పొలాలకు పారి చెరుకును, వరిని తెచ్చాయి. 'ఫిదా' చూసినవాళ్లు 'తెలంగాణ ఇంత పచ్చగా ఉంటుందా' అని ఆశ్చర్యపోయారు. తెర మీద తెలంగాణ అంటే ఎర్ర నేల, రాళ్లగుట్ట, తుపాకి అని అలవాటైన కళ్లు అవి.

ఈ ఊరిని ఎంచుకున్న దర్శకుడు శేఖర్ కమ్ముల. పుట్టింది ఏలూరులో, పెరిగింది సికింద్రాబాదు పద్మారావునగర్‌లో. 'డాలర్ డ్రీమ్స్', 'ఆనంద్', 'గోదావరి', 'హ్యాపీడేస్', 'లీడర్' తీసినవాడు. 2014లో 'అనామిక' తర్వాత మూడేళ్లు ఆయన సినిమా రాలేదు. నిర్మాత దిల్ రాజుది నిజామాబాద్ జిల్లా నర్సింగ్‌పల్లి. అంటే డబ్బు పెట్టే మనిషికి ఈ మాట అమ్మ మాటే. తన ఊరి యాసలో నాయిక మాట్లాడితే జనం చూస్తారని నమ్మడం ఆ రోజుల్లో వ్యాపారంగా చిన్న సాహసం కాదు. ఆ నమ్మకానికి ఆయనకు దక్కవలసిన మర్యాద దక్కాలి.

2016లో చిత్రీకరణ మొదలయ్యేనాటికి బాన్సువాడ నిజామాబాద్ జిల్లాలో ఉంది. అదే ఏడాది అక్టోబరు 11న, దసరా నాడు, కొత్త జిల్లాలు వచ్చాయి. కామారెడ్డి జిల్లా అయింది. బాన్సువాడ, ఎల్లారెడ్డి అందులో రెవెన్యూ డివిజన్లు అయ్యాయి. రాష్ట్రం వచ్చి రెండేళ్లు, జిల్లా వచ్చింది అప్పుడే. బోర్డుల మీద పేర్లు మారుతున్న రోజుల్లో ఆ ఊరి వీధుల్లో కెమెరా తిరిగింది. ఆఫీసు కాగితాల మీద గుర్తింపు దొరకడం ఒకటి, తెర మీద దొరకడం ఇంకొకటి. రెండూ ఇంచుమించు ఒకేసారి ఒకే ఊరికి వచ్చాయి.

ఇక సాయి పల్లవి. తెలుగువాళ్లకు ఆమె మొదట కనిపించింది సినిమాలో కాదు. ఈటీవీ 'ఢీ' డ్యాన్సు పోటీలో చిన్న వయసులోనే ఆడింది. అంతకు ముందు తమిళంలో విజయ్ టీవీ పోటీలో. తర్వాత జార్జియా దేశంలో త్బిలిసికి వెళ్లి వైద్యం చదివింది. చదువు నడుస్తుండగానే 2015లో మలయాళ 'ప్రేమమ్' వచ్చింది. అల్ఫోన్స్ పుత్రెన్ తీసిన ఆ సినిమాలో చీర కట్టుకుని, ముఖం మీద మొటిమలు దాచుకోకుండా నిలబడ్డ మలర్ టీచరు దక్షిణాదిని ఊపేసింది. మలర్ తమిళమ్మాయి. మలయాళ సినిమాలో తమిళం మాట్లాడి గెలిచిన అమ్మాయి, తమిళంలో ఇంకా నాయికగా సినిమా చేయకముందే తెలంగాణ తెలుగు నేర్చుకోవడానికి కూర్చుంది.

పరాయి భాషను ఒక ప్రాంతం యాసలో నేర్చుకోవడం మామూలు భాష నేర్చుకోవడం కంటే కష్టం. పుస్తకం ఉండదు. వ్యాకరణం అడిగితే చెప్పేవాళ్లు ఉండరు. ఉన్నదల్లా వినడమే. ఎవరైనా మాట్లాడుతుంటే పక్కన కూర్చుని, మాట ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వదులవుతుందో పట్టుకోవాలి. 'ఏంది' అనేది ప్రశ్న కావచ్చు, విసుగు కావచ్చు, ముద్దు కావచ్చు. 'బిడ్డా' అని పిలిస్తే అందులో కూతురూ ఉంటుంది, పక్కింటి పిల్లా ఉంటుంది, ముసలమ్మ కూడా ఉంటుంది. సినిమాలో అక్క రేణుకగా వేసిన శరణ్య ప్రదీప్ నిజామాబాద్ పిల్ల. అక్క నోట పుట్టుకతో వచ్చిన యాస, చెల్లె నోట నేర్చుకున్న యాస. వాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడే సన్నివేశాల్లో చెల్లె మాట తేలిపోతే సినిమా అక్కడే కూలిపోయేది.

కూలలేదు.

కథ తెలిసిందే అయినా ఒకసారి చెప్పుకోవాలి. తల్లి లేని ఇద్దరు ఆడపిల్లలను తండ్రి పెంచాడు. పెద్దమ్మాయి రేణుకకు అమెరికా సంబంధం. పిల్లవాడు తన తమ్ముడు వరుణ్‌ను కూడా పిలిపిస్తాడు, వరుణ్ తేజ్ వేసిన పాత్ర అది. వచ్చినవాడికి చిన్నమ్మాయి భానుమతి ఎదురవుతుంది. ట్రాక్టరు నడుపుతుంది, పొలం గట్ల మీద పరుగెత్తుతుంది, వానలో ఆడుతుంది, మనసులో గట్టిగా అనుకుంటే ఏదైనా జరుగుతుందని నమ్ముతుంది. ఆమెకు ఒక్కటే పట్టుదల. పెళ్లయిందని తండ్రిని, ఊరిని వదిలి పోవడం ఎందుకు? ఆ ప్రశ్న ఆమె ఉపన్యాసంలా అడగదు. అక్క లగ్గం జరుగుతున్న ఇంట్లో తిరుగుతూ, వంటింట్లో, ఆరుబయట మంచం మీద, నవ్వుతూ, ఏడుస్తూ అడుగుతుంది.

అక్కను సాగనంపే ఘట్టం మళ్లీ చూడండి. లగ్గం అయిన ఇల్లు. పందిరి కింద కుర్చీలు చెదిరిపడి ఉన్నాయి. కారు తలుపు మూసుకుంది. మన ఇళ్లలో ఆ తలుపు చప్పుడుకు ఎందరు తండ్రులు కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నారో లెక్క లేదు. తెర మీద ఆ తండ్రి ముఖం కనిపించగానే ఒక తరం ప్రేక్షకులు ఒక్క క్షణం ఆగిపోయారు. ఆ ముఖం వాళ్లకు ఎప్పటిదో. మీసం నెరిసింది, చెంపలు జారాయి, కళ్లు మాత్రం అవే.

ఆయన సాయిచంద్. 'మా భూమి' రామయ్య.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే 'ఫిదా' గురించి మాట్లాడేవాళ్లు సాయి పల్లవి దగ్గరే ఆగిపోతారు. 1979లో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా, బెంగాలీ యువకుడు గౌతం ఘోష్ దర్శకుడిగా 'మా భూమి' వచ్చింది. కృషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. మెదక్ జిల్లా మంగళపర్తిలో తీశారు, కామారెడ్డికి దగ్గరి నేల అది. సిరిపురం అనే పల్లెలో వెట్టి చేసే కుటుంబంలో పుట్టిన రామయ్య, తాను ప్రేమించిన లంబాడి పిల్ల చంద్రిని దొర గడి మింగేస్తే తట్టుకోలేక ఊరు వదిలిపోతాడు. పట్నంలో రిక్షా తొక్కి, కార్మికుల మధ్య అక్షరాలు నేర్చుకుని, సంఘంలో కలిసి, తిరిగి వచ్చి పోరాడి చనిపోతాడు. గద్దర్ గొంగడి భుజాన వేసుకుని పాట అందుకునేది ఆ సినిమాలోనే. ఆ పాట బండి యాదగిరిది.

రామయ్యగా నటించిన సాయిచంద్ త్రిపురనేని గోపీచంద్ కొడుకు, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి మనవడు. అంటే కృష్ణా తీరపు ఇల్లు. దర్శకుడిది కలకత్తా. ఆ సినిమాలో కనిపించిన శకుంతల మహారాష్ట్రలో పుట్టిన మనిషి. తర్వాత ఆమె ఇంటిపేరే 'తెలంగాణ' అయిపోయింది. 2014 జూన్‌లో, రాష్ట్రం వచ్చిన కొద్ది రోజులకే, ఆమె కన్నుమూసింది. తెలంగాణ పల్లెను తెర మీద మొదటిసారి నిజాయితీగా నిలబెట్టినప్పుడు కూడా బయటివాళ్లు వచ్చి, నేల మీద కూర్చుని, విని, నేర్చుకుని పని చేశారు. నర్సింగరావు వంటి ఇక్కడి మనిషి వాళ్లకు దారి చూపాడు.

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత 'ఫిదా'లోనూ అదే జరిగింది. నిర్మాత ఇక్కడివాడు. నాయిక నీలగిరి అమ్మాయి. సంగీతం శక్తికాంత్ కార్తిక్, చెన్నై యువకుడు. తండ్రి పాత్రకు చాలా కాలంగా నటనకు దూరంగా ఉన్న సాయిచంద్‌ను వెతికి తెచ్చారు.

పాటల దగ్గర ఇంకో బంధం ఉంది. 'మా భూమి'లో 'పల్లెటూరి పిల్లగాడా' పాట సుద్దాల హనుమంతుది. పసులు కాసే పిల్లవాడి మీద రాసిన ఆ పాటకు ఈనాటికీ కళ్లు చెమ్మగిల్లుతాయి. 'ఫిదా'లో 'వచ్చిండే' పాట రాసింది ఆయన కొడుకు సుద్దాల అశోక్ తేజ. తండ్రి పాటలో వెట్టి పిల్లవాడు, కొడుకు పాటలో పెళ్లింటి పిల్ల. పాడింది మధుప్రియ, గోదావరిఖని బిడ్డ. తెలంగాణ ఉద్యమ సభల్లో చిన్నప్పటి నుంచి పాడిన గొంతు అది. ఆమెతో రాంకీ గొంతు కలిపాడు. శేఖర్ మాస్టర్ అడుగులు కూర్చాడు. ఓణీ కొంగు దోపుకుని సాయి పల్లవి ఆ పాటకు ఆడిన తీరు గురించి నేను వర్ణించనక్కర్లేదు. ఆ ఏడాది నుంచి ఈ జిల్లాలో ఏ లగ్గం పందిట్లో ఆ పాట మోగలేదో చెప్పండి.

సినిమా 2017 జూలై 21, శుక్రవారం విడుదలైంది. ఆషాఢం చివరి రోజులు. నాట్లు నడుస్తున్న కాలం, బోనాల కాలం. కొత్త కోడళ్లు తల్లిగారింట్లో ఉండే నెల. పెళ్లయ్యాక పిల్ల తల్లిగారిల్లు ఎందుకు విడవాలని అడిగే సినిమా, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉన్న వారంలోనే వచ్చింది. ముహూర్తం చూసి పెట్టారో లేదో గానీ అంతకంటే మంచి సమయం దొరకదు.

ఆ శుక్రవారం కామారెడ్డి హాలును మనసులో కట్టుకుని చూద్దాం. చెప్పులకు నాట్ల బురద ఇంకా ఆరలేదు. కాలేజీ పిల్లలు ముందు వరుసల్లో, వెనుక అక్కాచెల్లెళ్లు, తల్లిగారింటికి వచ్చిన కొత్త పెళ్లికూతురు, పక్కన తమ్ముడు. తెర మీద భానుమతి నోరు విప్పింది. మొదటి మాటకు హాల్లో నవ్వు వచ్చింది. అలవాటు అది, ఈ యాస వినపడితే నవ్వాలని ఇన్నేళ్లు నేర్పారు కదా. రెండో మాటకు నవ్వు మారింది. ఆ పిల్ల నవ్వించడానికి మాట్లాడటం లేదని, ఆమె మాటే అదని తెలిసిపోయింది. ఇంకో నాలుగు మాటలయ్యేసరికి చప్పట్లు. ఆమె చెప్పింది గొప్ప సూక్తి కాదు. పక్కింటి పోరి పొద్దున్నే బావి దగ్గర అనే మాట. నాయిక నోట, పెద్ద తెర మీద, నిండు వెలుగులో అది వినపడింది. దాని కోసమే చప్పట్లు.

ఇది చిన్న విజయమని ఎవరైనా అంటే ఒప్పుకోను. మాటను చిన్నచూపు చూస్తే మనిషిని చిన్నచూపు చూసినట్టే. ఆ చిన్నచూపును చట్టం తీసేయలేదు, రాష్ట్రం ఏర్పడటం కూడా పూర్తిగా తీసేయలేదు. ఒక కథానాయిక రెండు గంటలకు పైగా ఆ మాటలోనే ప్రేమించి, పోట్లాడి, ఏడ్చి, గెలిస్తే మాత్రం కొంత పోయింది. ఆమె గొంతును ఇంకొకరు అరువిచ్చి ఉంటే ఇంత పోయేది కాదు. పెదాలకు గొంతు అతికినంత మాత్రాన సరిపోదు, నరాలు ఉబ్బిన మెడకూ అతకాలి. కోపంలో సాయి పల్లవి మెడ బిగిసినప్పుడు మాట కూడా బిగుస్తుంది. అక్క వెళ్లిపోయాక గొంతు పూడుకుపోతే 'ఏంది' సగంలో తెగిపోతుంది. ఇంకో మనిషి ఎంత ప్రతిభ ఉన్నా అంత దగ్గరగా రాలేదు.

సినిమాకు లోటు లేదని కాదు. ఈ ప్రాంతం నుంచి అమెరికా పోయినవాళ్లకంటే గల్ఫ్ పోయినవాళ్లు ఎక్కువ. కామారెడ్డి, ఎల్లారెడ్డి, లింగంపేట పల్లెల్లో దుబాయి, మస్కట్, సౌదీ పేర్లు పక్క ఊర్ల పేర్లలా వినపడతాయి. అప్పు తెచ్చి వీసా కొని, ఎడారిలో ఇటుకలు మోసి, ఫోను తెరలో బిడ్డ ముఖం చూసుకునే తండ్రులు ఉన్నారు. ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టి సంసారం లాగుతారు. ఆ బాన్సువాడ 'ఫిదా'లో లేదు. కులం మాట అసలే లేదు. ఇంటి ముందు పచ్చని పొలం ఉంది, ఆ పొలం మీద ఎంత అప్పుందో లేదు. 'మా భూమి' రామయ్య ప్రశ్న భూమి ఎవరిదని. 'ఫిదా' తండ్రికి భూమి ఉంది, అతని దిగులు బిడ్డ దూరమవుతుందని. ఈ మార్పులో మన చరిత్ర కొంత ఉంది, మనం మరిచిపోవాలనుకున్నది కూడా కొంత ఉంది.

అయినా ఊరు వదలను అనే భానుమతి పట్టుదలను గల్ఫ్ కుటుంబాల మధ్య కూర్చుని చూస్తే దానికి ఇంకో బరువు వస్తుంది. వదిలి పోవడమే బతుకుతెరువైన నేల ఇది. మగవాళ్లు విమానం ఎక్కుతారు, ఆడవాళ్లు లగ్గం కారెక్కుతారు, ఊర్లో ముసలివాళ్లు మిగులుతారు. అలాంటి చోట ఒక పిల్ల తెర మీద నిలబడి నేను పోను, కావాలంటే నువ్వు రా అంటుంది. చివరికి అమెరికా పిల్లవాడు బాన్సువాడకే వస్తాడు. అది కలే కావచ్చు. మంచాల మీద ఒంటరిగా పడుకున్న ఎందరో తండ్రులకు ఆ కల రెండున్నర గంటలు తోడుంది.

కమ్ముల ఆ లోటును తానూ గుర్తించినట్టే ఉంది. 2021 సెప్టెంబరులో వచ్చిన 'లవ్ స్టోరీ'లో మళ్లీ ఈ ప్రాంతానికే వచ్చాడు, ఈసారి ఆర్మూరు. నాగచైతన్య దళిత యువకుడు, సాయి పల్లవి పెద్ద కులపు ఇంటి పిల్ల. 'ఫిదా'లో పొలం గట్ల మీద పరుగెత్తిన అమ్మాయి, ఇక్కడ సొంత ఇంట్లోనే భయపడుతూ పెరిగిన అమ్మాయి. కులం గురించీ, ఇంటి లోపల ఆడపిల్లపై జరిగే దౌర్జన్యం గురించీ ఆ సినిమా సూటిగా మాట్లాడింది. 'ఫిదా' అంత హాయి లేదు దానిలో. ఉండకూడదు కూడా.

'ఫిదా'కు సాయి పల్లవికి ఉత్తమ నటిగా, మధుప్రియకు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. తమిళంలో సాయి పల్లవి నాయికగా 'దియా' 2018లో వచ్చింది, అదే ఏడాది చివర ధనుష్‌తో 'మారి 2'. అందులోని 'రౌడీ బేబీ' పాటను యూట్యూబ్‌లో వంద కోట్ల సార్లకు పైగా చూశారు. 2024లో 'అమరన్'లో మేజర్ ముకుంద్ వరదరాజన్ భార్య ఇందు రెబెక్కా వర్గీస్‌గా నటించి తమిళనాడును ఏడిపించింది. తమిళులకు ఆమె తమ ఇంటి పిల్ల. మనకూ అంతే. రెండు ఇళ్ల పిల్ల కావడం సావిత్రి కాలం నుంచి ఉన్నదే, కాకపోతే ఈమె మన ఇంట్లోకి ముందు గదిలో నుంచి రాలేదు, వంటింటి మాట నేర్చుకుని వచ్చింది.

తర్వాత తెలంగాణ మాట తెర మీద నిలదొక్కుకుంది. 2023లో వేణు ఎల్దండి 'బలగం' తీస్తే పల్లెల్లో రచ్చబండల దగ్గర తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఆ సినిమా కూడా దిల్ రాజు సంస్థ నుంచే వచ్చింది. అందులో ఎవరి యాసకూ ఎవరూ నవ్వలేదు, చనిపోయిన పెద్దాయనకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోతే అందరూ ఏడ్చారు.

'బలగం'కు ముందటి ఏడాది, 2022 జూన్ 17న, వరంగల్ బిడ్డ వేణు ఊడుగుల 'విరాటపర్వం' విడుదలైంది. 1990ల నాటి నక్సలైటు ఉద్యమం, ఒక కవి రాతలకు మనసిచ్చి అతణ్ని వెతుక్కుంటూ అడవికి పోయిన వెన్నెల అనే అమ్మాయి కథ. వెన్నెల సాయి పల్లవి. ఆమె తండ్రిగా మళ్లీ సాయిచంద్. 'మా భూమి'లో ఊరు వదిలి సంఘంలో కలిసిన రామయ్య, ఇప్పుడు అదే దారిన పోతున్న కూతుర్ని ఆపలేక నిలబడ్డ తండ్రి. బాన్సువాడలో నాన్నను విడిచి పోనన్న పిల్లే ఈసారి చెప్పకుండా గడప దాటింది, తిరిగి రాలేదు. ఆ సినిమాలో కూడా ఆమె మాట ఆమే చెప్పుకుంది.